నాన్నగారి డాట్సన్ కారు కోసం చీనీ తోట అమ్మవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. నా వయసు 43. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో అధ్యాపకుడిని. నా భార్య కూడా ఉద్యోగం చేస్తోంది. ఇద్దరికీ కలిపి నెలకు రూ.1,05,000 చేతికి వస్తుంది. ఇంటి ఖర్చులు రూ.52,000, గృహరుణ వాయిదా రూ.24,000, సుకన్య సమృద్ధి, పీపీఎఫ్, బీమా ప్రీమియాలు కలిపి రూ.12,000 పోతాయి. బ్యాంకులో రూ.9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఆరో తరగతి. నార్పల దగ్గర రెండెకరాల చీనీ (బత్తాయి) తోట మీద ఖర్చులు పోను ఏడాదికి సుమారు లక్షన్నర మిగులుతుంది. మా నాన్నగారు 1970లలో నైరోబీలో ఇంజినీరుగా పనిచేశారు. 1978లో తిరిగి వస్తూ, అక్కడ కొన్న 1972 నాటి డాట్సన్ 240జెడ్ అనే జపాన్ స్పోర్ట్స్ కారును వెంట తెచ్చుకున్నారు. 1996 నుంచి అది రేకుల షెడ్డులోనే ఉంది. నిరుడు నాన్నగారు కాలం చేశారు. కారును మళ్లీ నడిపించాలని అమ్మ కోరిక, నాదీ అదే. ఊళ్లో షెడ్డు వాళ్లు కొత్త ఇంజిన్ పెట్టి రూ.5 లక్షల్లో చేస్తామంటున్నారు. బెంగళూరులో ఒకచోట రూ.18 లక్షలు అన్నారు. ఎకరం తోట అమ్మి చేయిస్తే తర్వాత అంతకు ఎన్నో రెట్లు వస్తుందని మిత్రులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: కారు బాగు చేయించండి. తోట అమ్మకండి, డిపాజిట్ కదిలించకండి, అప్పు చేయకండి. ఈ మూడింటి జోలికి పోకుండానే, సమయం కాస్త ఎక్కువ తీసుకుని, ఆ కారును రోడ్డు మీదికి తేవడానికి మీకు దారి ఉంది. అయితే దీన్ని పెట్టుబడి అనే మాటతో మొదలుపెడితే ప్రతి ఖర్చుకూ ఒక సమర్థన దొరుకుతూనే ఉంటుంది కనుక, ఇది మీ నాన్నగారి జ్ఞాపకం కోసం ఇష్టంగా చేస్తున్న ఖర్చు అని ఇంట్లో అందరూ ముందే ఒప్పుకోవాలని నా విన్నపం.

ఒక్క రూపాయి కూడా పెట్టకముందే తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఆ కారు ఈ రోజున ఎవరిది? వీలునామా ఉన్నట్టు మీరు రాయలేదు. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, అంటే మీ అమ్మగారికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన హక్కు ఉంటుంది. మీకు తోబుట్టువులు ఉంటే వారి నుంచి, మీ అమ్మగారి నుంచి అభ్యంతరం లేదనే పత్రం రాయించుకుని, తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకుని, ఆర్సీని మీ పేరుకు మార్చుకోవడానికి దరఖాస్తు చేయండి. యజమాని మరణించిన మూడు నెలల లోపు చేయవలసిన పని ఇది, ఇప్పటికే ఆలస్యమైంది. ఉమ్మడి ఆస్తి మీద ఒకరు లక్షలు ఖర్చు పెట్టి, పదేళ్ల తర్వాత దాని విలువ దగ్గర అన్నాచెల్లెళ్లు మాటలు మానేసిన ఇళ్లను నేను చూశాను. ఈ ఉద్యోగంలో నన్ను బాగా బాధపెట్టేది అదే.

ఇక మీ మిత్రులు చెప్పే ధర సంగతి. 2020 జనవరిలో అమెరికాలో ఒక 1971 నాటి 240జెడ్ ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లకు అమ్ముడైన మాట నిజం. కానీ ఆ కారు దాదాపు యాభై ఏళ్లలో తిరిగింది 20 వేల మైళ్ల పైచిలుకు మాత్రమే. అది మొదటి నుంచీ చెడకుండా ఉన్న కారు, పాడైపోయాక బాగు చేయించినది కాదు. బాగు చేయించి అమ్మితే ఏమవుతుందో తెలియాలంటే అంతకంటే మంచి ఉదాహరణ తయారీదారుల దగ్గరే ఉంది. 1990ల చివర్లో, డాట్సన్ పేరుతో ఈ కారును తయారు చేసిన నిస్సాన్ సంస్థ అమెరికా విభాగం పాత 240జెడ్‌లను కొని, సొంత ఖర్చుతో కొత్తవాటిలా చేయించి, తన డీలర్ల ద్వారా సుమారు 25 వేల డాలర్ల చొప్పున అమ్మే ప్రయత్నం చేసింది. ఒక్కో కారుకు పట్టే ఖర్చు అంచనాను దాటిపోవడంతో, అనుకున్న సంఖ్యలో చిన్న భాగం కూడా పూర్తికాకముందే ఆ ప్రయత్నాన్ని ఆపేశారు. కారు తయారు చేసిన సంస్థకే అందని లెక్క మన షెడ్డు అంచనాకు అందుతుందని నమ్మి భూమి అమ్ముకోకూడదు. పన్ను విషయంలో ఒక చిన్న సౌలభ్యం ఉంది. సొంత వాడకానికి ఉంచుకున్న కారు మూలధన ఆస్తి కిందికి రాదు కాబట్టి, ఎప్పుడైనా లాభానికి అమ్మినా మూలధన లాభాల పన్ను పడదు. నష్టం వస్తే మాత్రం దాన్ని వేరే లాభాల్లో తగ్గించుకునే వీలూ ఉండదు.

తోట గురించి ఇంకొక మాట. బోరు ఏ ఎకరంలో ఉందో మీరు రాయలేదు. మన జిల్లాలో చీనీ చెట్టు విలువ దాని కింద పారే నీటి విలువే. బోరున్న ఎకరం అమ్మితే రెండోది కూడా సగం పోయినట్టే, బోరు లేని ఎకరం అమ్మబోతే ధర పలకదు. చీనీ మొక్క కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. అలాంటి తోటను ఒకసారి విడగొడితే మళ్లీ కూడబెట్టలేరు. మీ జీతాలకు బయట మీకున్న రాబడి అదొక్కటే.

రూ.5 లక్షలకు, రూ.18 లక్షలకు మధ్య అంత తేడా ఎందుకొచ్చిందో అర్థం చేసుకుంటేనే బడ్జెట్ కుదురుతుంది. 240జెడ్‌కు లారీలా విడి చాసిస్ ఉండదు. నేల రేకు, అడుగున పొడవునా సాగే రైళ్లు (ఇనుప దూలాలు), తలుపుల కింద పెట్టెల్లా ఉండే రేకు భాగాలు అన్నీ కలిసి ఒకే నిర్మాణంగా బరువు మోస్తాయి. ఈ కారుకు తుప్పు పట్టే చోట్లు అందరికీ తెలిసినవే: బ్యాటరీ పళ్లెం కింద, కాళ్లు పెట్టుకునే నేల రేకులో, వెనక చక్రాల ముందున్న మూలల్లో, స్టెప్నీ గుంటలో. అనంతపురం పొడి వాతావరణం మీకు మేలే చేసి ఉంటుంది, కానీ రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లు ఉన్న కారు కింద ఎలకల గూళ్లు, తేమ పట్టిన తివాచీ ఎంత పని చేశాయో తివాచీ ఎత్తి చూస్తే గాని తెలియదు. తక్కువ చెప్పినవారు పైపైన పుట్టీ పెట్టి రంగు వేయడం లెక్కగట్టారు, ఎక్కువ చెప్పినవారు కారును పూర్తిగా విప్పి రేకు మార్చడం లెక్కగట్టారు. రెండూ ఒకే పని కాదు.

ఇది నేను సొంతంగా నేర్చుకున్న పాఠం. మా నాన్నగారి స్కూటరును ఒక షెడ్డుకిచ్చి, మొదట రంగు చూసి మురిసిపోయాను. ఒక వానాకాలం గడిచాక ఫుట్‌బోర్డు అంచున రంగు కందిరీగ కుట్టినట్టు ఉబ్బింది. బొటనవేలితో నొక్కితే పలచటి రంగు పొర పగిలి, లోపల పుట్టీ, దాని వెనక గోధుమరంగు పొడి రాలాయి. పెట్టిన డబ్బు మొత్తం మళ్లీ పెట్టాల్సి వచ్చింది. అందుకే మీరు చేయించవలసిన మొదటి ఖర్చు రంగు కాదు, తనిఖీ. పాత కార్లు విప్పి బిగించిన అనుభవం ఉన్న మెకానిక్‌ను బెంగళూరు నుంచి ఒక రోజు పిలిపించి, కారును పైకెత్తించి, కింద సుత్తితో మెల్లగా తట్టించి, ఏ రేకు మోగుతోంది, ఏది మెత్తగా దిగుతోంది అనేది ఫొటోలతో సహా రాయించుకోండి. దానికి రాకపోకలతో కలిపి ఇరవై, పాతిక వేలు అయినా వెనకాడకండి.

కొత్త ఇంజిన్ పెట్టే ఆలోచన మాత్రం ఇప్పుడే వదిలేయండి. 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న, చాసిస్, బాడీ షెల్, ఇంజిన్లలో మార్పులు చేయని సొంత వాహనాలకే ఆ గుర్తింపు వస్తుంది. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, అది పదేళ్లు చెల్లుతుంది. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న వాహనాలు పాత నంబరును ఉంచుకోవచ్చు. ఆ దారి వదిలి మామూలు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్తే, 2025 ఆగస్టులో పెంచిన రుసుముల ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన దిగుమతి కారుకు రూ.80,000 కట్టాలి, ఆలస్య రుసుము దానికి అదనం. మీ కారు 1972 నాటిదని చూపడానికి నైరోబీ లాగ్‌బుక్ (అక్కడి రిజిస్ట్రేషన్ పుస్తకం), 1978 నాటి కస్టమ్స్ కాగితాలు అవసరం కాబట్టి నాన్నగారి పెట్టెలు ఈ వారమే వెతకండి. వింటేజ్ గుర్తింపుకు షరతులూ ఉన్నాయి: ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీగా నడపకూడదు, బాడుగకు ఇవ్వకూడదు. పెళ్లి ఫొటోలకు అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకోవచ్చని ఎవరైనా సలహా ఇస్తే, ఆ లెక్క చెల్లదు.

ఇప్పుడు డబ్బు. మీ నెలసరి బాధ్యతలన్నీ కలిపి రూ.88,000. ఆరు నెలలకు రూ.5.28 లక్షలు అవుతుంది. డిపాజిట్లో అంత భాగం అత్యవసర నిధి. మిగిలిన రూ.3.7 లక్షలు రెండు మూడేళ్లలో ఇంటర్మీడియట్ దాటి పెద్ద చదువుకు వెళ్లే మీ అమ్మాయివి. కాబట్టి ఆ తొమ్మిది లక్షల్లో కారుకు చెందిన రూపాయి ఒక్కటి కూడా లేదు. నెలకు మిగిలే రూ.17,000లో రూ.5,000 పిల్లల చదువు నిధికి చేర్చి, రూ.12,000 కారు పేరిట విడి రికరింగ్ డిపాజిట్లో వేయండి. చీనీ రాబడిలో ఏడాదికి రూ.50,000 దానికి కలపండి. ఏడాదికి సుమారు రూ.1.94 లక్షలు, ఐదేళ్లకు వడ్డీ కాకుండానే రూ.9.7 లక్షలు పోగవుతాయి. కాయ ధర పడిపోయిన ఏడాది తోట వాటా మానేయండి, కారు పని ఆ ఏడాది ఆగుతుంది, అంతే. అదే రూ.10 లక్షలు 14 శాతం వడ్డీకి ఐదేళ్ల వ్యక్తిగత రుణంగా తీసుకుంటే నెలకు దాదాపు రూ.23,270 వాయిదా, మొత్తం రూ.3.96 లక్షల వడ్డీ కట్టాలి. మీకు మిగిలేదే రూ.17,000 కనుక ఆ వాయిదా కోసం సుకన్య, పీపీఎఫ్ ఆగిపోతాయి.

పని వరుస కూడా ఈ నిధి నడకనే అనుసరించాలి. మొదటి ఏడాది కాగితాలు, తనిఖీ, చెడిపోవడాన్ని ఆపడం: పాత పెట్రోలు తీసి ట్యాంకు కడిగించడం, సిలిండర్లలో నూనె వేసి ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడటం, షెడ్డు నేలకు సిమెంటు, ఎండ పడని తెర. ఈ కారు డ్యాష్‌బోర్డు ఎండకు పగలడంలో పేరుమోసింది. మన ఎండ సంగతి చెప్పనక్కరలేదు. తర్వాత రెండేళ్లు రేకు పని. ఆ తర్వాత బ్రేకులు, ఇంజిన్. ఆరు సిలిండర్ల 2,393 సీసీ ఇంజిన్ మొండిది, సిలిండర్ల లోపలి గోడలను నునుపు చేయించి (దీన్నీ బోరు అంటారు), రింగులు, ప్యాకింగులు మార్చితే మళ్లీ లేవడం అరుదేమీ కాదు. ఖర్చు పెరిగేది విడిభాగాల దగ్గర. వాటిని జపాన్ నుంచో అమెరికా నుంచో తెప్పించినప్పుడు రవాణా, సుంకం, దిగుమతిపై పడే ఐజీఎస్టీ పన్ను కలిసి ధరలో సగం వరకు అదనమవుతుందని అనుకుని లెక్క వేసుకోండి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన నేటి పెట్రోలు ఆనాటి రబ్బరు పైపులను, కార్బొరేటర్ సీళ్లను మెత్తబరుస్తుంది కనుక వాటన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చే ఖర్చును ముందే చేర్చండి. రంగు, సీట్ల పని చిట్టచివర. ఏ అంచనాకైనా పైన 30 శాతం కలిపి రాసుకోండి. షెడ్డుకు మొత్తం ఒకేసారి ఇవ్వకుండా, పూర్తయిన భాగానికి బిల్లు, ఫొటో చూసి మాత్రమే చెల్లించండి.

కారు నడిచాక ఏడాదికి కనీసం రూ.50,000 దాని పేరిట ఉండాలి. తక్కువ నడిపినా నూనె మార్చాలి, బ్రేకు ఫ్లూయిడ్ తేమ పీలుస్తుంది గనుక రెండేళ్లకోసారి మార్చాలి, టైర్లు అరగకపోయినా వయసుతో గట్టిపడతాయి. థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి. సొంత నష్టానికి బీమా తీసుకునేటప్పుడు, ఐదేళ్లు దాటిన, తయారీ ఆగిపోయిన వాహనాల విలువను బీమా సంస్థ, యజమాని కలిసి ఒప్పందంగా నిర్ణయించుకునే వీలుంది. మీరు దాచుకున్న బిల్లులు, ఫొటోలే అక్కడ మీకు ఆధారం.

మీ నాన్నగారు నైరోబీలో ఉన్న కాలంలోనే, 1973లో, ఉగాండాలో పుట్టిన భారతీయ సంతతి డ్రైవరు శేఖర్ మెహతా ఇదే 240జెడ్‌తో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ గెలిచారు. ఆ రోజుల్లో అక్కడున్న మనవాళ్లకు ఈ కారు ఎంత గర్వకారణమో ఊహించగలను. అందుకే దీన్ని తుక్కుకు వేయమని గాని, ఉన్నపళంగా అమ్మేయమని గాని నేను చెప్పడం లేదు. ముందు అమ్మగారి సంతకం, తోబుట్టువులుంటే వారి సంతకాలు తీసుకోండి. రికరింగ్ డిపాజిట్ వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మొదలుపెట్టండి. మూడు నాలుగు నెలల్లో తనిఖీ నివేదిక చేతికి వచ్చాక, నేల రేకు, రైళ్ల పరిస్థితి రాసిన పేజీలను, బోరు ఏ ఎకరంలో ఉందో ఆ వివరాన్ని నాకు పంపితే, రేకు పనికి ఏడాదివారీ అంకెలు మళ్లీ వేసి ఇస్తాను.