గీతలు మానిటర్‌వా, కార్డువా?

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ అయినప్పటి నుంచి మా డెస్క్‌టాప్ తెర మీద రంగు గీతలు వస్తున్నాయి. షాపులో మానిటర్ మార్చమన్నారు. మార్చాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అప్పుడే డబ్బు తీయకండమ్మా. గీతలు కనిపిస్తుండగా స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. అందులోనూ గీతలుంటే మానిటర్ పాపం ఏమీ లేదు. గ్రాఫిక్స్ కార్డో (తెర మీది బొమ్మను తయారుచేసే భాగం), దాని డ్రైవరో (ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) అయ్యుంటుంది. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే ముందు కేబుల్ పీకి గట్టిగా పెట్టండి. నేనొకసారి ఇది చూడకుండా రెండుసార్లు విండోస్ ఎక్కించాను, ఆ సిగ్గు ఇంకా పోలేదు!

ఆన్ చేయగానే, కంపెనీ లోగో దగ్గరే గీతలొస్తే డ్రైవర్‌ని తిట్టకండి, అది అప్పటికింకా లోడే కాదు. విండోస్ వచ్చాకే వస్తే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి, కార్డు ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్ కింద ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కండి. పాత డ్రైవర్ తిరిగొస్తుంది. మీది అప్‌డేట్ తర్వాత మొదలైంది కాబట్టి నా అనుమానం కొత్త డ్రైవర్ మీదే.