1972 పికప్ వెనక భాగం దించితే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: శాక్రమెంటోలో ఉంటాను. 1972 చెవ్రొలెట్ సీ10 పొట్టి బెడ్ పికప్ కొన్నాను. వెనక 6 అంగుళాలు దించాలని ఉంది. కానీ నెలకోసారి తోటకు మట్టి, ఎరువు బస్తాలు తెస్తాను, అప్పుడప్పుడు చిన్న ట్రైలర్ లాగుతాను. ఆ పనులు ఆగకూడదు. 2024 నుంచి కాలిఫోర్నియాలో బండి ఎంత దించినా కేసు ఉండదని మిత్రులు అంటున్నారు. నిజమేనా? పాత బండ్లకిచ్చే హిస్టారికల్ నంబరు ప్లేటు తీసుకోవడం మంచిదా?

జవాబు: మీ మిత్రులు చెప్పింది సగం నిజం. 1958 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, చక్రాలు తప్ప బండిలో ఏ భాగమూ రిమ్ము అడుగు అంచు కన్నా కిందికి రాకూడదు. వెహికల్ కోడ్ సెక్షన్ 24008 అంటే అదే. 6,000 పౌండ్ల లోపు కమర్షియల్ బండ్లకూ అది వర్తించేది, అంటే పికప్పులకూ. ఏబీ 436 అనే రాష్ట్ర చట్టం దాన్ని తీసేసింది, 2024 జనవరి 1 నుంచి అది లేదు. ఊళ్లు పెట్టుకున్న క్రూజింగ్ (సరదాగా ఒకే వీధిలో బండ్లు తిప్పడం) నిషేధాలకు ఉన్న ఆధారం కూడా ఆ చట్టంతోనే పోయింది. (హైదరాబాద్‌లో ఉండి ఇదే అడిగితే జవాబు ఒక్క ముక్క: వద్దు. అక్కడ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.)

కాబట్టి ఇప్పుడు మీ బండి కిందికి ఉందన్న ఒక్క కారణంతో పోలీసు టికెట్ (జరిమానా నోటీసు) రాదు. మిగతా సెక్షన్లన్నీ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని ఖాళీ బండి మీద చూసుకుని సరిపోయిందనుకోవడమే అందరూ చేసే పొరపాటు. పోలీసు ఆపేది మీరు మట్టి బస్తాలతో వస్తున్నప్పుడు కావచ్చు. అప్పుడు లెక్కకొచ్చేది బరువు మీద ఉన్న ఎత్తే.

ముందు అంకెలు. హెడ్‌లైట్లు నేలకు 22 అంగుళాల కన్నా కింద, 54 కన్నా పైన ఉండకూడదు (24400). 1969 జనవరి 1 తర్వాత తయారైన బండికి టెయిల్ ల్యాంపులు 15 అంగుళాల కన్నా కిందికి రాకూడదు (24600), మీ బండి ఆ లెక్కలోకే వస్తుంది. వెనక నంబరు ప్లేటు 12 అంగుళాల కన్నా కింద ఉండకూడదు (5201). ల్యాంపులు బెడ్ మూలల్లో ఎత్తుగానే ఉంటాయి కాబట్టి వాటితో పెద్ద భయం లేదు. బంపరు తీసేసి దాని చోట పాన్ అనే రేకు బిగించి, ప్లేటును అందులోకి దించినవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు.

ఎవరూ చూసుకోనిది హెడ్‌లైట్ల వాలు. మీ బండి వీల్‌బేస్, అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరం, 115 అంగుళాలు. ముందు భాగం అలాగే ఉంచి వెనక 6 అంగుళాలు దించితే బండి దాదాపు 3 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. 25 అడుగుల దూరంలో గోడ మీద పడే వెలుగు 15 అంగుళాలకు పైగా లేస్తుంది, అంటే ఎదుటివాడి కళ్లలోకి. ముందు 4, వెనక 6 దించితే తేడా 2 అంగుళాలే కాబట్టి వెలుగు 5 అంగుళాలే లేస్తుంది. ఎలా దించినా సరే, పని అయిన రోజే లైట్లు మళ్లీ సరిచేయించండి.

ఇక మెకానిక్ పని. న్యాయవాదినైన నాకు ఇదెందుకంటే, కోర్టులో బండి ఫోటోలు చూపించేది అవతలి లాయరు. సీ10 వెనక కాయిల్ స్ప్రింగులు, యాక్సిల్‌ను చాసిస్‌కు కలిపే పొడుగాటి ట్రైలింగ్ ఆర్ములు, యాక్సిల్‌ను అడ్డంగా పట్టి ఉంచే పాన్‌హార్డ్ బారు ఉంటాయి. పాత స్ప్రింగులు కోయడం గానీ, టార్చ్‌తో కాల్చి కుంగదీయడం గానీ చేయవద్దు. వేడికి స్ప్రింగు బిగువు పోతుంది, కుంగుడు ఆగదు. దించడానికే చేసిన స్ప్రింగులు కొనండి. పొట్టి షాకులు వేయండి, లేదంటే బంప్ స్టాపు (యాక్సిల్ పైకి లేచినప్పుడు ఆపే దిమ్మ) కన్నా ముందే పాత షాకు అడుగుకు కొట్టుకుంటుంది. పాన్‌హార్డ్ బారు పొడవు మార్చుకునే రకం వేయకపోతే యాక్సిల్ పక్కకు జరుగుతుంది, ఒక టైరు ఫెండర్‌కు రాస్తుంది. పీనియన్ కోణం, అంటే డ్రైవ్ షాఫ్ట్ యాక్సిల్‌కు కలిసే చోటి కోణం, చూసుకోండి. మధ్యలో బేరింగు ఉన్న రెండు ముక్కల షాఫ్ట్ అయితే దాని కోణం కూడా చూడాలి. బ్రేకు హోసు టైరుకో ఆర్ముకో తగలకూడదు. బ్రేకు భాగాలు మంచి స్థితిలో ఉండాలని 26453 అంటుంది.

6 అంగుళాలంటే యాక్సిల్‌కు చోటు కోసం చాసిస్‌లో సీ ఆకారపు గాడి కోయక తప్పదని లెక్కవేసుకోండి. ఈ మోడల్‌లో పెట్రోలు ట్యాంకు సీటు వెనక క్యాబ్‌లో ఉండటం ఒక ఊరట. అయినా చాసిస్ వెంట పోయే బ్రేకు పైపు, వైర్లు విప్పి పక్కకు తీయించండి, బ్యాటరీ ఊడదీయించండి. చాసిస్ మీద చెక్కిన నంబరు జోలికి గ్రైండరు పోకూడదు. దాన్ని కావాలని చెరిపేస్తే 10750 కింద నేరం.

పని అయ్యాక ఇలా చేయండి. చదునైన నేల మీద బండి నిలిపి నాలుగు కొలతలు తీయండి: యాక్సిల్ నుంచి బంప్ స్టాపుకు, టైరు నుంచి ఫెండర్‌కు, ప్లేటు నుంచి నేలకు, టెయిల్ ల్యాంపు నుంచి నేలకు. తర్వాత 50 పౌండ్ల బస్తాలు 10, యాక్సిల్‌కు సరిగ్గా పైన పేర్చి, మళ్లీ అవే కొలతలు తీయండి. టేపు కనిపించేలా ఫోటోలు దాచుకోండి. ఆ 500 పౌండ్లకే యాక్సిల్ స్టాపును తాకితే, గుంతలో పడ్డ ప్రతిసారీ దెబ్బ నేరుగా చాసిస్‌కే. అప్పుడు 4 అంగుళాలతో ఆగండి, లేదా కాయిల్ లోపల హెల్పర్ ఎయిర్ బ్యాగు పెట్టించండి. ఎయిర్ బ్యాగుతో బండి ఎత్తు నిలబడుతుంది కానీ, తయారీదారు ప్లేటు మీద రాసిన మొత్తం బరువు పరిమితి ఒక్క పౌండు కూడా పెరగదు. ట్రైలర్ తగిలించే బాల్ కూడా అంతే కిందికి వస్తుంది కాబట్టి ట్రైలర్ ముక్కు వాలకుండా హిచ్ ఎత్తు మార్చుకోండి.

ల్యాంపు ఎత్తు లాంటివాటికి వచ్చేది మామూలుగా సరిచేసుకునే టికెట్. సరిచేసి రుజువు చూపితే ఒక్కోదానికి 25 డాలర్లతో ముగుస్తుంది. కానీ టైరు రాస్తూ, బస్తాలు ఊగుతూ పోతే ‘తక్షణ ప్రమాదం’ కింద 24002 వాడతారు, ఆ సౌకర్యం దానికి ఉండదు. యాక్సిడెంటు జరిగితే ఇంకా పెద్ద చిక్కు. భద్రత కోసం పెట్టిన సెక్షన్‌ను మీరు మీరినందువల్లే, ఆ సెక్షన్ నివారించదలచిన రకం నష్టం ఎవరికైనా జరిగితే, ఎవిడెన్స్ కోడ్ 669 ప్రకారం నిర్లక్ష్యం మీదేనని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని చూపాల్సింది మీరే.

హిస్టారికల్ ప్లేటు మీకు వద్దు. అది ప్రదర్శనలకు, ఊరేగింపులకు, క్లబ్ కార్యక్రమాలకు వాడే బండికి. మట్టి బస్తాలు మోసే పికప్‌కు కాదు. 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ పరీక్ష ఎలాగూ లేదు కాబట్టి దానికోసం ఆశపడే పని లేదు. క్లాసిక్ కారు ఇన్సూరెన్సులోనూ ఇదే మెలిక: ఆ పాలసీల్లో చాలావాటికి సరదా డ్రైవింగే షరతు. సామాను మోస్తానని, వెనక దించానని, చాసిస్ కోశానని రాతపూర్వకంగా చెప్పండి. చెప్పాల్సింది చెప్పకపోతే, మర్చిపోయి వదిలేసినా సరే, పాలసీ రద్దు చేసే హక్కు కంపెనీకి ఇన్సూరెన్స్ కోడ్ 331 ఇస్తోంది. రద్దయిందంటే ఆ పాలసీ మొదటి నుంచీ లేనట్టే.

షాపు విషయానికొస్తే, ఆ షాపు బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌లో నమోదై ఉందో లేదో చూడండి. పని మొదలుపెట్టే ముందు రాతపూర్వక అంచనా ఇవ్వడం వాళ్ల బాధ్యత. మీ ఒప్పుకోలు లేకుండా దానికి మించి వసూలు చేయకూడదు. బిల్లులో ‘సస్పెన్షన్ పని’ అని ఒక్క మాటతో సరిపెట్టనివ్వకండి. స్ప్రింగు పార్టు నంబరు, షాకు నంబరు, గాడి బోల్టులతో బిగించారా వెల్డ్ చేశారా అన్నీ రాయించండి. పాత స్ప్రింగులు, షాకులు తిరిగి కావాలని పని అప్పగించేటప్పుడే ఆర్డరు కాగితంలో పెట్టండి, తర్వాత అడిగితే ఇవ్వాల్సిన పని వాళ్లకు లేదు.