పళ్ళు రాని పాపకు మాంసం పెట్టవచ్చా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిది నెలలు నిండాయి. ఇప్పటికీ మిక్సీ పట్టిన పప్పన్నం, ఉగ్గు మాత్రమే తింటుంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. డాక్టరు ఐరన్ చుక్కలు రాసి, గుడ్డు, మాంసం కూడా మొదలుపెట్టమన్నారు. పళ్ళు రాకముందే మాంసం ఏమిటి, అరగదు, గొంతులో అడ్డుపడుతుంది అని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. బలానికి మటన్ ఎముకల సూప్ అన్నంలో కలిపి పెడుతున్నాం. ఒకసారి పాప చేతికి ఉడికించిన క్యారెట్ ముక్క ఇస్తే వాంతి వచ్చినట్టు చేసింది. అప్పటి నుంచి నాకూ భయంగానే ఉంది. మా బాబుకు రెండున్నరేళ్ళు. వాడు చికెన్ ముక్క బుగ్గలో పెట్టుకుని కూర్చుంటాడు. సీసాతో పాలు మాత్రం ఎన్నిసార్లు ఇచ్చినా తాగుతాడు. ఇద్దరూ చేత్తో పట్టుకుని తినేలా మాంసం, కూరగాయలతో ఇంట్లో ఏం చేయవచ్చు? బజారులో దొరికే నగ్గెట్స్, సాసేజ్‌లు పెట్టవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పెట్టవచ్చు. మీ పాప విషయంలో అయితే తప్పకుండా పెట్టాలి. మీ డాక్టరు సరిగ్గానే చెప్పారు. ఈ వయసులో హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఇది మీ ఒక్క ఇంటి సమస్య కూడా కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. వారానికి నాలుగు రోజులు మాంసమో చేపో వండుకునే ఇళ్ళలో కూడా చంటిపిల్లల రక్తం తక్కువగా ఉండడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. కూర పెద్దల కంచాల్లోకి వెళ్తుంది, పిల్లలకు దాని నీళ్ళు వస్తాయి.

మీరు పెడుతున్న ఎముకల సూప్ సంగతి కూడా అదే. మరిగించిన నీటిలోకి రుచి, కాస్త కొవ్వు, వేసిన ఉప్పు దిగుతాయి. రక్తానికి కావలసిన ఐరన్ చాలావరకు కండలోనే ఉండిపోతుంది. పైగా పాప పొట్ట చిన్నది. సూప్‌తో నిండితే తిండికి చోటుండదు. సూప్ పెట్టడం తప్పేమీ కాదు, కానీ దాన్ని మాంసానికి బదులు అనుకోవద్దు. పుట్టినప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న ఐరన్ నిల్వ సుమారు ఆరు నెలలకు తరిగిపోతుంది. తల్లిపాలలో ఉండే ఐరన్ చక్కగా ఒంటబడుతుంది గానీ, పరిమాణం చాలా తక్కువ. ఆ లోటును తిండే తీర్చాలి. అందుకే ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు మాంసం, చేప, గుడ్డు వంటివి రోజూ పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. మాంసంలోని ఐరన్ ఆకుకూరల్లోని ఐరన్ కంటే సులువుగా ఒంటబడుతుంది. అదే ముద్దలో ఉన్న పప్పు, కూరగాయల ఐరన్‌ను కూడా ఒంటికి పట్టేలా చేస్తుంది. అందుకే రెండూ కలిపి వండడం మంచిది.

ఇక అత్తగారి మాట. ఆమె భయంలో సగం న్యాయం ఉంది. పళ్ళు లేని పిల్లకు వేపుడు ముక్క ఇస్తే నిజంగానే ప్రమాదం. కానీ పళ్ళు వచ్చేదాకా ఆగుదామంటే ఏ పళ్ళ కోసం ఆగాలి? ముందు వచ్చే పళ్ళు కొరకడానికే పనికొస్తాయి. నమలడానికి కావలసిన దవడ పళ్ళు మొదటి పుట్టినరోజు దాటాక గానీ మొదలుకావు. అన్నీ వచ్చేసరికి రెండేళ్ళు దాటుతుంది. అంతకాలం ఆగితే రక్తం ఇంకా తగ్గిపోతుంది. మెత్తగా ఉడికిన పదార్థాన్ని చిగుళ్ళు హాయిగా నలిపేస్తాయి. మీ చూపుడువేలు శుభ్రంగా కడుక్కుని పాప చిగుళ్ళ మధ్య ఒక్కసారి పెట్టి చూడండి, వాటి బలం మీకే తెలుస్తుంది. అరుగుదల గురించి కూడా దిగులు వద్దు. ఆరు నెలలు నిండిన బిడ్డ కడుపు మెత్తని మాంసాన్ని అరిగించుకోగలదు.

మిక్సీ పట్టడం మాత్రం ఇక తగ్గించండి. తొమ్మిది పది నెలలు దాటినా పలుకు తగలని తిండే పెడితే, ఆ తరువాత ముద్దలో చిన్న పలుకు తగిలినా ఉమ్మేసే పిల్లలు ఎక్కువ. నాలుకతో ముద్దను పక్కకు తోయడం, చిగుళ్ళతో నలపడం, మింగడం అన్నీ అభ్యాసంతో వచ్చేవే. ఎనిమిది తొమ్మిది నెలల నుంచి చాలామంది పిల్లలు చేత్తో పట్టుకుని తినే ఆహారానికి సిద్ధంగా ఉంటారు. వీటినే ఫింగర్ ఫుడ్స్ అంటున్నారు. పాప ఆసరా లేకుండా కూర్చుంటూ, మెడ నిలిపి, వస్తువును తనే నోటిదాకా తెచ్చుకుంటుంటే సిద్ధమైనట్టే.

క్యారెట్ ముక్కతో వాంతి వచ్చినట్టు చేయడం చూసి మీరు బెదిరిపోయారు. ఈ వయసులో నాలుక మధ్యభాగానికి ఏదైనా తగిలినా ఓక్ అని ముందుకు తోసేస్తారు. కళ్ళలో నీళ్ళు వస్తాయి, ముఖం ఎర్రబడుతుంది, దగ్గు, శబ్దం వినిపిస్తాయి. అది శరీరం తనను తాను కాపాడుకునే తీరు. ఆ సమయంలో నోట్లో వేలు పెట్టి తీయబోతే ముక్క ఇంకా లోపలికి పోవచ్చు. పక్కనే ఉండి చూస్తే చాలు. నిజంగా గొంతుకు అడ్డుపడినప్పుడు శబ్దం ఉండదు. ఏడవలేరు, దగ్గలేరు, పెదవులు నీలంగా మారతాయి. అప్పుడు ఏడాది లోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా పట్టుకుని, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా తట్టాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అయిదుసార్లు నొక్కాలి. ముక్క బయటికి వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తుండాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే 108 వారు ఫోనులో చెప్పినట్టు గుండె నొక్కడం, శ్వాస అందించడం మొదలుపెట్టాలి. దగ్గరలోని ఆసుపత్రిలో పిల్లల ప్రథమ చికిత్స నేర్పిస్తుంటే మీరూ అత్తగారూ కలిసి వెళ్ళండి. ఇంట్లో ఇద్దరికి ఇది తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

ముక్క ఎంత మెత్తగా ఉండాలో ఒక పరీక్ష చెబుతాను. బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య పెట్టి తేలిగ్గా నొక్కితే పూర్తిగా నలిగి పేస్టులా అయిపోవాలి. పంటి కింద మెత్తగా ఉంది కదా అని మీ నోటితో లెక్క వేయవద్దు, మీకు పళ్ళున్నాయి. ఆకారం కూడా ముఖ్యమే. గుండ్రంగా, గట్టిగా ఉన్నది బిడ్డ గొంతులో అతికినట్టు సరిపోతుంది, గాలిని మూసేస్తుంది. అందుకే పాపకు మీ చూపుడువేలంత పొడవుగా, కాస్త చదునుగా చేసి ఇవ్వండి. గుప్పిట్లో పట్టుకుంటే పై భాగం బయటికి కనిపించాలి. బొటనవేలు, చూపుడువేలితో చిన్నవి ఏరుకోవడం వచ్చాక శనగగింజంత మెత్తని తునకలు ఇవ్వవచ్చు.

మొదటగా కోడి మాంసంతో చేయండి. రొమ్ము ముక్క ఉడికితే పీచుపీచుగా, పొడిగా అవుతుంది. తొడ భాగం మెత్తగా ఉంటుంది, ఐరన్ కూడా కాస్త ఎక్కువ. ఎముక తీసిన తొడ మాంసం 100 గ్రాములు కీమా కొట్టించండి. అందులో ఉడికించి చిదిమిన చిలగడదుంప ఒక చిన్నది, సన్నగా తురిమి ఆవిరి మీద మగ్గించిన క్యారెట్ రెండు చెంచాలు, సన్నగా తరిగిన పాలకూర గుప్పెడు, చిటికెడు జీలకర్ర పొడి కలపండి. పాప ఇంతకుముందు గుడ్డు తిని ఉంటే సగం గుడ్డు గిలక్కొట్టి వేస్తే విడిపోకుండా ఉంటుంది. ఉప్పు వద్దు, కారం వద్దు. చేతికి నెయ్యి రాసుకుని వేళ్ళలా చుట్టి, కొంచెం అదిమి, నెయ్యి రాసిన ఇడ్లీ రేకుల్లో పెట్టి 15 నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. ఒకటి విరిచి చూడండి. లోపల ఎక్కడా గులాబీ రంగు ఉండకూడదు. నూనెలో వేయిస్తే పైన పెంకు కడుతుంది, అది చిగుళ్ళకు నలగదు. కాబట్టి పాపకు ఆవిరి మీద ఉడికించినవే ఇవ్వండి.

మటన్‌కు ఇంకాస్త ఓపిక కావాలి. కీమాను కొద్ది నీళ్ళతో కుక్కర్‌లో బాగా మెత్తబడేదాకా, అయిదారు విజిళ్ళు వచ్చేవరకు ఉడికించండి. ఆ నీళ్ళు పారబోయకుండా కీమాలోకే ఇగరనివ్వండి. ఉడికిన పెసరపప్పు, గుమ్మడికాయ గుజ్జు కలిపి మెదిపితే చక్కని ముద్ద అవుతుంది. దాన్ని పాప కోసం చదునుగా ఒత్తి పెనం మీద నెయ్యితో సన్నసెగన వేడి చేస్తే చాలు. అదే ముద్దలో కొంచెం దోసెపిండి కలిపి గుంత పొంగణాల పెనంలో వేస్తే బాబుకు నచ్చుతాయి. ఆ గుండ్రటివి పాపకు మాత్రం అలాగే ఇవ్వవద్దు, విరిచి తునకలు చేసి ఇవ్వండి. ఏ రకమైనా పైన రెండు మూడు నిమ్మరసం చుక్కలు పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది.

చేపల్లో కొరమీను మంచిది, ముళ్ళు తక్కువ. తక్కువ అంటే లేవని కాదు. ఉడికాక వెలుతురులో కూర్చుని, చేత్తో ప్రతి పొరా విడదీసి చూసుకున్నాకే కలపండి. బాలింతలకు మంచిదని పెట్టే సొర చేప పిల్లలకు వద్దు. పెద్ద సముద్రపు చేపల్లో పాదరసం ఎక్కువగా చేరుతుంది. కాలేయంలో ఐరన్ పుష్కలం, కానీ విటమిన్ ఎ మరీ ఎక్కువ. వారానికి ఒకసారి, ఒకటి రెండు చెంచాలు మించకూడదు.

కూరగాయలకు పెద్ద హంగు అక్కర్లేదు. సొరకాయ, బీరకాయ, గుమ్మడికాయ, బీట్‌రూట్, చిలగడదుంప వేలంత ముక్కలుగా కోసి ఆవిరి మీద ఉడికిస్తే సరి. ములక్కాడ గుజ్జు గీసి పెట్టండి, కాడ చేతికి ఇవ్వవద్దు, పీచు గొంతుకు చుట్టుకుంటుంది. పచ్చి క్యారెట్, వేరుశనగలు, జీడిపప్పు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్ష ఇద్దరికీ వద్దు. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేస్తే బాబు తినవచ్చు. గింజలు పొడి చేసి ముద్దలో కలపవచ్చు. తేనె ఏడాది నిండేదాకా నాకించనే వద్దు.

గుడ్డు, చేప, వేరుశనగ పొడి వంటివి మొదటిసారి పెట్టేటప్పుడు పగటిపూట, కొద్దిగా, ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి. దద్దుర్లు, పెదవుల వాపు, వరస వాంతులు కనిపిస్తే ఆపేసి డాక్టరుకు చూపించండి. ఊపిరి ఆడనట్టు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

తినిపించే పద్ధతి మీద గట్టిగా చెప్పాలనుంది. పాప నిటారుగా కూర్చునే తినాలి. పడుకోబెట్టి, ఏడుస్తుండగా, నవ్విస్తూ, ఫోను చూపిస్తూ, గిన్నె పట్టుకుని వెనక పరిగెడుతూ వద్దు. ముక్కను మీరు నోట్లో పెట్టవద్దు, పాప ముందు పెట్టండి. తనే తీసుకుని నోట్లో పెట్టుకున్నప్పుడు ఎంత లోపలికి పోయిందో తనకు తెలుస్తుంది. మొదటి రోజుల్లో సగం నేల మీద, సగం జుట్టులో ఉంటుంది. అలాగే ఉండనివ్వండి. మీరో అత్తగారో ఒకరు ఎదురుగా కూర్చుని ఉండాలి. మెత్తని పప్పన్నం, తల్లిపాలు ఎలాగూ కొనసాగుతాయి కాబట్టి ఎన్ని ముక్కలు తిన్నదో లెక్కపెట్టాల్సిన పని లేదు.

బాబు ముక్కను బుగ్గలో పెట్టుకోవడం మొండితనం కాదు. పొడి ముక్కను నమిలే బలం ఆ దవడలకు ఇంకా రాలేదు. ముక్క మానేసి కీమా రూపంలో, టమాటా గుజ్జు తగిలేలా తడిగా ఇవ్వండి. వాడి అసలు సమస్య పాల సీసా. రోజుకు అర లీటరు మించి పాలు తాగే పిల్లలకు ఆకలి వేయదు, ఐరన్ కూడా అందదు. సీసా మాన్పించి గ్లాసుతో, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇవ్వండి. నాలుగైదు రోజులు గొడవ చేస్తాడు, ఆ తరువాత కంచం వైపు చూస్తాడు. వాడికీ ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

బజారు నగ్గెట్స్, సాసేజ్‌లలో ఉప్పు చాలా ఎక్కువ. ఏడాది లోపు బిడ్డకు విడిగా ఉప్పే అక్కర్లేదు. సాసేజ్ గుండ్రటి బిళ్ళలు గొంతుకు అడ్డుపడే వాటిలో ముందుంటాయి. రెండూ కొనకండి. ఇంట్లో చేసినవి వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా వాడేయండి. ఎక్కువ చేస్తే విడివిడిగా ఫ్రీజర్‌లో పెడితే నెల ఉంటాయి. మళ్ళీ పొగలు వచ్చేదాకా వేడి చేసి, చల్లార్చి ఇవ్వాలి. కరెంటు పోయి మెత్తబడినవి తిరిగి గడ్డకట్టించవద్దు. పచ్చి మాంసం కోసిన కత్తి, పీట సబ్బుతో కడిగాకే కూరగాయలకు వాడండి.

మాంసం ముట్టని ఇళ్ళవారు ఇదే పద్ధతిలో ఉడికిన శనగలు, పెసలు, మునగాకు, నువ్వుల పొడితో చేసి నిమ్మరసం పిండి పెట్టవచ్చు. గుడ్డు తింటే ఇంకా మంచిది.

ఐరన్ చుక్కలు మాత్రం ఆపవద్దు. 9.4కు దిగిన రక్తం తిండితో మాత్రమే త్వరగా కోలుకోదు. పాలతో కలపకుండా, రెండు ఆహారాల మధ్య వేయండి. మలం నల్లగా రావడం మామూలే. నెల తరువాత మళ్ళీ పరీక్ష చేయించి, అప్పటికీ పెరగకపోతే, లేదా పాప ప్రతి ముద్దకూ దగ్గుతున్నా, బరువు పెరగకపోయినా, మీ డాక్టరును వెంటనే కలవండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా ఆయన చెప్పేదాకా చుక్కలు కొనసాగించాలి. నిల్వ నిండడానికి ఇంకో రెండు మూడు నెలలు పడుతుంది.