కుండ పెంకు వయసు ఎలా చెబుతారు?

ప్రశ్న: సెలవుల్లో మదురై దగ్గరి కీళడి మ్యూజియం చూసొచ్చాం. అక్కడివి 2,600 ఏళ్ళ నాటివన్నారు. పెంకునే ల్యాబ్‌కి పంపి వయసు కడతారా? లోతులో దొరికిందంటే పాతదనేనా?
– ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై

జవాబు: రెండూ పూర్తిగా నిజం కాదండీ. కార్బన్ పరీక్షకు ఒకప్పుడు ప్రాణమున్న పదార్థం కావాలి: బొగ్గు, గింజ, ఎముక లాంటివి. కాల్చిన మట్టి పనికిరాదు (కుండకు అంటిన మసి, మాడిన తిండి ఉంటే అది వేరే సంగతి). అందుకే పెంకు దొరికిన మట్టి పొరలోనే ఉన్న బొగ్గుకు వయసు కట్టి, దాన్నిబట్టి పెంకు కాలం చెబుతారు. కీళడిలో 353 సెంటీమీటర్ల లోతు నమూనాకు క్రీ.పూ. 580, 200 సెంటీమీటర్ల దగ్గరిదానికి క్రీ.పూ. 205 వచ్చాయని తమిళనాడు పురావస్తు శాఖ 2019లో ప్రకటించింది.

మామూలుగా లోతులో ఉన్నది పాతదే అయినా, లోతునే నమ్ముకుంటే దెబ్బతీసేవి గోతులు. తర్వాతి కాలం వాళ్ళు చెత్తకో, ధాన్యానికో తవ్విన గొయ్యి పైపొర నుంచి మూడు నాలుగు పొరలు చీల్చుకుని దిగుతుంది. దాన్ని గుర్తించకపోతే కొత్త వస్తువు పాత పొర లెక్కలో పడిపోతుంది. గొయ్యిలో మట్టి గుల్లగా ఉంటుంది, రంగు మారుతుంది, తాపీ మెత్తగా దిగుతుంది. అది కనబడగానే ముందు గొయ్యి మట్టంతా విడిగా తీసేయాలి, ఆ తర్వాతే చుట్టూ పొర తవ్వాలి. ఎలుక బొరియలు, చెట్ల వేళ్ళు కూడా ఇలాంటి తంటాలే తెస్తాయి.

ఇలాంటి గోతులు పట్టుకోవడానికే, తవ్వాల్సిన 10 మీటర్ల చదరాన్ని నాలుగు గళ్ళు చేసి, మధ్యలో అర మీటరు గట్టు తవ్వకుండా వదులుతారు. గట్టు గోడను తాపీతో నున్నగా చెక్కి నీళ్ళు చిలకరిస్తే, ఎండినప్పుడు ఒకేలా ఉన్న మట్టిలో పొరల గీతలు తేలతాయి. ఎండ నెత్తికెక్కక ముందు, నీడలో చూస్తేనే అవి సరిగ్గా తెలుస్తాయి.

బొగ్గును చేత్తో ముట్టరు. శుభ్రమైన తాపీ మొనతో తీసి అల్యూమినియం ఫాయిల్‌లో చుడతారు. కాగితం, దూది తగిలితే కొత్త కార్బన్ కలిసి వయసు తగ్గి కనిపిస్తుంది. పెద్ద మాను చేవ (నడిమి గట్టి చెక్క) నుంచి వచ్చిన బొగ్గయితే వయసు పెరిగి కనిపిస్తుంది, ఎందుకంటే చెట్టు నరకడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ చేవ ఏర్పడి ఉంటుంది. గింజకు ఈ బెడద లేదు, అది ఒక్క పంటదే. కాబట్టి గింజ దొరికితే బొగ్గును పక్కన పెట్టడమే మంచిది.

ప్రశ్న: ఇంటికి సంపు తవ్విస్తుంటే పెద్ద కుండ అంచు, నలుపు ఎరుపు పెంకులు కనిపించాయి. పైకి తీసి కడిగి దాచమంటున్నాడు మేస్త్రీ. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, పల్లావరం

జవాబు: అక్కడికక్కడే పని ఆపించండి. కుండను కదపొద్దు, కడగొద్దు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో రాతి పనిముట్టు గుర్తించింది మీ పల్లావరంలోనే. మీకు దొరికింది ఎముకలు పెట్టి పూడ్చిన కుండ కావచ్చు. అలాంటి కుండకన్నా దాని లోపలి మట్టే విలువైనది. తూత్తుకుడి జిల్లా శివకళైలో క్రీ.పూ. 1155 అన్న కాలం వచ్చింది పూడ్చిన కుండలోని వరి పొట్టు నుంచే. మేస్త్రీ చెప్పినట్టు ఒక్క బకెట్ నీళ్ళు పోసినా అదంతా కొట్టుకుపోతుంది.

పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. నేలమట్టం నుంచి లోతు, ప్రహరీ మూల నుంచి దూరం టేపుతో కొలిచి రాసుకోండి. కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయండి, నకలు రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి. నేలలో దాగి దొరికినది పది రూపాయలకు మించి విలువ చేస్తే చెప్పి తీరాలని 1878 నాటి నిధి నిక్షేపాల (ట్రెజర్ ట్రోవ్) చట్టం అంటోంది. వాళ్ళు వచ్చేదాకా గుంటలోకి వాన నీరు దిగకుండా చుట్టూ చిన్న కట్ట పోసి, పైన టార్పాలిన్ కప్పండి.