గేమ్ కన్సోల్ పాడుచేసి, తప్పు మీదేనంటే?

ప్రశ్న: మా మేనమామ అమెరికా నుంచి వస్తూ తన పాత సూపర్ నింటెండో (1997లో వచ్చిన చిన్న మోడల్) తెచ్చిచ్చాడు. బొమ్మ మసకగా వస్తోందని ఆర్‌జీబీ బోర్డు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లను విడివిడిగా టీవీకి పంపి బొమ్మను స్పష్టం చేసే చిన్న సర్క్యూట్) తెప్పించి, హనుమకొండలో ఒక రిపేర్ షాపులో బిగించమని ఇచ్చాను. రూ.2,500 తీసుకున్నారు. ఇప్పుడు అసలు బొమ్మే రావడం లేదు. అడిగితే రసీదు మీద 'కస్టమర్ రిస్క్' అని ఉందంటున్నారు. పైగా కన్సోల్‌ను మార్చడమే నేరమట, కేసు వేస్తే నా మీదికే వస్తుందట. నిజమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీకు టెన్షన్ పెట్టిన ఆ చివరి మాట ఉత్త బెదిరింపు. అంత నేరమైతే షాపాయన డబ్బు తీసుకుని ఎందుకు చేసినట్టు? ఆయన ఎక్కడో విన్నది కాపీరైట్ చట్టంలోని 65ఏ సెక్షన్ గురించి అయి ఉంటుంది. 2012 సవరణతో వచ్చింది. కాపీ చేయకుండా పెట్టిన సాంకేతిక రక్షణను, హక్కులకు గండికొట్టే ఉద్దేశంతో తప్పిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. దొంగ గేములు ఆడించే చిప్పులు దాని కిందికి రావచ్చు. మీ బోర్డు సంగతి వేరు. ఆ మోడల్‌లో వీడియో చిప్ ఆర్‌జీబీ సిగ్నల్ ఇస్తుంది గానీ, కంపెనీ దాన్ని వెనక సాకెట్ దాకా కలపలేదు. చిప్ కాళ్ల దగ్గర ఆ సిగ్నల్ అందుకుని, బలం పెంచి సాకెట్‌కు చేర్చడమే బోర్డు పని. మీ వస్తువులో మీరు చేయించుకున్న మార్పు, అంతే.

కన్సోల్ ఊరికే వచ్చినా, పనికి డబ్బు మీరిచ్చారు కాబట్టి మీరు వినియోగదారే. మామూలు వివేకం ఉన్న మనిషి అలాంటి పరిస్థితిలో తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, అప్పగించిన వస్తువును షాపువాళ్లు అంత జాగ్రత్తగా చూడాలని కాంట్రాక్ట్ చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. రసీదు మీద అచ్చేసిన ఒక్క ముక్కతో నిర్లక్ష్యం మాఫీ కాదు. అలాగని ఎంత జాగ్రత్తగా టంకం పెట్టినా కన్సోల్ లోపలి పాత సర్క్యూట్ దెబ్బతినే అవకాశం ఉంది. నిర్లక్ష్యం జరిగిందని చూపించాల్సింది మీరే. అందుకని కన్సోల్‌ను మళ్లీ కెలకకుండా ఇంకో మంచి టెక్నీషియన్‌తో విప్పించి, ఫోటోలు తీసి, ఎక్కడ ఏం కాలిందో రాయించుకోండి.

ఒకటి మీరే గుర్తు తెచ్చుకోవాలి. దాని అమెరికా అడాప్టర్ 120 వోల్టులది. ఎప్పుడైనా నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టారా? పెట్టి ఉంటే అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తర్వాత 15 రోజుల గడువుతో షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అయినా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. మీరు చెల్లించినంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. వాట్సాప్ మెసేజ్‌లు ఆధారంగా పెడితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేయండి. ఫిర్యాదులో 'సేవా లోపం' అనే రాయండి. రసీదు షరతు అన్యాయమైన కాంట్రాక్ట్ అని రాశారో, అది రాష్ట్ర కమిషన్ చూడాల్సిన విషయమని అభ్యంతరం వస్తుంది. బోర్డు ధర, కూలీ, అలాంటి కన్సోల్ ఇప్పుడు పలికే ధర ఆధారాలతో అడగండి. మానసిక క్షోభకు లక్షలు రాస్తే కమిషన్ సీరియస్‌గా తీసుకోదు.