బూటు కన్నా ముందు పాదం కొలవాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా పాప రెండో తరగతి, బాబు ఐదో తరగతి చదువుతున్నారు. ఇద్దరిదీ ప్రైవేటు బడి. నల్లబూట్లు ఒక జత, తెల్ల కాన్వాసు బూట్లు ఒక జత తప్పనిసరి అంటారు. ఏటా జూన్‌లో శ్రీకాకుళం జి.టి. రోడ్డుకు వెళ్లి నాలుగు జతలు కొనేసరికి చేతిలో డబ్బు మిగలడం లేదు. రెండేళ్లు వస్తాయన్న ఆశతో కిందటేడు పాపకు రెండు నంబర్లు పెద్దవి కొన్నాం. నడుస్తుంటే మడమ జారిపోయి, బూటు కరిచి బొబ్బలెక్కాయి. సంక్రాంతికే ముందు భాగం మడతపడి పగిలింది. తక్కువ ధరలో సరిపోయేవి ఎలా ఎంచుకోవాలి?
– ఒక తల్లి, ఆమదాలవలస మండలం

జవాబు: అమ్మా, ఎదిగే పిల్లలకు కాస్త పెద్దవి కొనాలనే మాట మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. అందులో సగం నిజం ఉంది. ఆ కాస్త ఎంతన్నదే తేల్చుకోవాలి. మన కొట్లలో ఎక్కువగా వాడేది ఇంగ్లీషు నంబరు. అందులో ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. సరిపోయే బూటులో బొటనవేలి ముందు 12 మిల్లీమీటర్ల వరకు, ఇంచుమించు పెద్దవారి బొటనవేలి వెడల్పంత, ఖాళీ ఉండనే ఉంటుంది. దానిపై రెండు నంబర్లు పెంచితే ఖాళీ మూడు సెంటీమీటర్లకు దగ్గరపడుతుంది. అప్పుడు పాదం ముందుకూ వెనక్కూ జారుతుంది, బూటు ఊడిపోకుండా బిడ్డ వేళ్లతో బిగపట్టి నడుస్తుంది, మడమ ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. పాదం వంగేది వేళ్ల మొదళ్ల దగ్గర. బూటును కూడా అక్కడే వంగేలా తయారు చేస్తారు. పెద్ద బూటులో ఆ రెండు చోట్లూ కలవవు కనుక వంగకూడని చోట మడతపడి పగులుతుంది. మీ పాప బూటు సంక్రాంతికే పోవడానికి కారణం నాసిరకం కావచ్చు, కానీ కొలత తప్పడం కూడా అంతే పెద్ద కారణమై ఉంటుంది.

బడి ఈడు పిల్లల పాదం సాధారణంగా ఏడాదికి ఒక నంబరు మేర పెరుగుతుంది. జూన్‌లో 12 మిల్లీమీటర్ల ఖాళీతో కొన్న బూటులో ఏప్రిల్ నాటికి దాదాపు అయిదు మిల్లీమీటర్లు మిగులుతుంది, మార్చవలసిన సమయమూ అదే. అంటే సరైన కొలతలోనే ఒక బడి సంవత్సరపు ఎదుగుదల ఇమిడి ఉంది. రెండో ఏడాది కోసం ఈ ఏడాది పెద్దది కొనడం వల్ల మిగిలేది ఏమీ లేదు, ఎందుకంటే పాదం ఆ బూటుకు సరిపోయే నాటికి బూటు అరిగిపోయి ఉంటుంది. అయిదేళ్లలోపు పిల్లల పాదం ఇంకా వేగంగా పెరుగుతుంది. వారికి మూడు నాలుగు నెలలకోసారి బూటు ముందు భాగాన్ని వేలితో నొక్కి ఎంత ఖాళీ మిగిలిందో చూడడం అవసరం.

ఇక కొలత సంగతి. సాయంత్రం పూట, పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, బడికి తొడిగే మేజోళ్లతోనే బిడ్డను గట్టి కాగితం మీద రెండు కాళ్లపై బరువు వేసి నిలబెట్టండి. కూర్చున్న పాదం కన్నా నిలబడిన పాదం పొడవుగా, వెడల్పుగా ఉంటుంది. పెన్సిలును నిటారుగా పట్టి రెండు పాదాల చుట్టూ గీయండి. చాలామందికి ఒక పాదం మరొకదానికన్నా పెద్దది కనుక పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. మడమ వెనుక నుంచి అన్నిటికన్నా ముందుకు వచ్చిన వేలి కొస వరకు కొలిచి (కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలే పొడవు), దానికి 12 మిల్లీమీటర్లు కలిపి, ఆ పొడవున వేలెడు వెడల్పు అట్టముక్క కత్తిరించండి. దుకాణంలో ఆ ముక్కను బూటులోకి పెడితే వంగకుండా, అటూ ఇటూ జారకుండా పట్టాలి. వంగితే బూటు చిన్నది, ముందు బాగా చోటు మిగిలితే పెద్దది. బిడ్డకు జ్వరమో పరీక్షో ఉండి తండ్రి ఒక్కరే బస్సెక్కి వెళ్లవలసి వచ్చినా ఈ అట్టముక్క చాలావరకు ఆదుకుంటుంది, మార్చుకోవడానికి మళ్లీ పట్నం వెళ్లే ఛార్జీ తప్పుతుంది. నేను మాత్రం వీలైనంతవరకు బిడ్డను వెంట తీసుకెళ్లమనే చెబుతాను, ఎందుకంటే అట్టముక్క పొడవే చెబుతుంది, వెడల్పు చెప్పదు.

వెడల్పును తేలికగా తీసుకోకండి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా పాదాలను కొలిచి, మనవారి పాదాలు పాశ్చాత్యుల పాదాల కన్నా వెడల్పని గుర్తించి, మనకంటూ ‘భ’ అనే వేరే కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. కాబట్టి నంబరు సరిపోయినా ముందు భాగం సన్నగా ఉంటే చిటికెన వేలు నలుగుతుంది. పిల్లల ఎముకలు మెత్తగా ఉండడం వల్ల బూటు నొక్కుతున్నా వారు వెంటనే నొప్పి అని చెప్పరు. రెండు బూట్లూ తొడిగించి, దుకాణంలోనే పది పదిహేను అడుగులు నడిపించి, విప్పాక పాదం మీద ఎర్రటి గుర్తులు పడ్డాయేమో చూడండి. ‘వాడుతుంటే సాగుతుంది’ అని అమ్మేవారు అంటే నమ్మవద్దు. తోలు కొంత సాగుతుంది కానీ బడి బూట్లలో ఎక్కువగా వాడే రెగ్జిన్ సాగదు.

పిల్లల నంబర్లు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. మీ బాబు ఇంచుమించు ఆ మలుపులోనే ఉంటాడు, 13 తరువాత 1 అడగడానికి తడబడకండి. ధర విషయానికి వస్తే, పేరున్న కంపెనీ ముద్ర కన్నా మడమ చుట్టూ గట్టిదనం, ముందు భాగం చేతితో వంచితే వంగడం, పాదాన్ని పట్టి ఉంచే లేసు లేదా అంటుడు పట్టీ (వెల్క్రో) ముఖ్యం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జత 2,500 రూపాయల లోపు పాదరక్షలపై జీఎస్టీ 5 శాతమే. అంతకుముందు వెయ్యి లోపు వాటికి 12, ఆపైన 18 శాతం ఉండేది. బిల్లు అడిగి తీసుకోండి. రెండో తరగతి బిడ్డకు రెండు రకాల బూట్లు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. తల్లిదండ్రుల సమావేశంలో నలుగురు కలిసి అడిగితే బడివారు ఆలోచించే అవకాశం ఉంది, ఒక్కరే అడగడానికి సంకోచించకుండా ఇరుగుపొరుగు తల్లులతో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు పాదం అడుగున వంపు లేదు, చదునుగా ఉంది. గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో వంపు వచ్చే ప్రత్యేక బూట్లంటూ చాలా ఖరీదు చెప్పారు. కొనమంటారా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: తొందరపడి కొనవద్దు. ఆ వయసులో పాదం కింద కొవ్వు ఉండడం వల్ల, కీళ్ల బంధాలు వదులుగా ఉండడం వల్ల వంపు కనిపించదు, అది ఏళ్ల తరబడి మెల్లగా ఏర్పడుతుంది. బాబును మునివేళ్లపై నిలబెట్టి చూడండి. వంపు కనబడి, నొప్పి లేకపోతే చాలావరకు దిగులు అక్కరలేదు. ప్రత్యేక బూట్లు వంపును పుట్టిస్తాయనడానికి ఆధారం లేదు. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు ఇద్దరు 4 నుంచి 13 ఏళ్ల పిల్లలు 2,300 మంది పాదముద్రలను పరిశీలించి 1992లో ప్రచురించిన ఫలితాల్లో, పాదరక్షలు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి, వాడనివారిలో 2.8 శాతం మందికి చదును పాదాలున్నాయి. ముందు భాగం మూసి ఉన్న బూట్లు వేసేవారిలోనే అది ఎక్కువ. కాబట్టి ఇంట్లో, శుభ్రమైన అరుగు మీద ఒట్టి కాళ్లతో తిరగనివ్వండి. మట్టిలో, తోటల్లో, బహిర్భూమి వైపు మాత్రం చెప్పులు తప్పనిసరి, ఎందుకంటే కొంకి పురుగుల పిల్లలు తడి మట్టిలోంచి అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి చేరతాయి. నొప్పి ఉన్నా, పాదం బిగుసుకుపోయినా, ఒక్క కాలికే ఉన్నా ఆ డబ్బుతో ముందు ఎముకల వైద్యుని దగ్గరకు వెళ్లండి.

ప్రశ్న: ప్రభుత్వ బడిలో ఇచ్చిన బూట్లు మా చిన్న మనవడికి బిగుతుగా ఉన్నాయి. పెద్దవాడి పాతవి తొడిగించవచ్చా?
– ఒక తాత, బొబ్బిలి

జవాబు: బడి బూట్లు నేల మీద వాడకముందే ప్రధానోపాధ్యాయునికి చెప్పండి. పిల్లల పాదాల కొలతలు ముందుగానే తీసుకుంటారు కనుక మధ్యలో పాదం పెరిగి ఉండవచ్చు. అదే బడిలో పెద్దవి వచ్చిన మరో బిడ్డతో మార్పిడి కుదిరే అవకాశమూ ఉంటుంది. పాతవాటి సంగతంటారా, లోపలి అట్టపై పెద్దవాడి వేళ్ల గుంటలు పడి, మడమ ఒక పక్కకు అరిగి ఉంటే వద్దు, ఎందుకంటే చిన్నవాడు అన్న నడకకు అరిగిన అడుగు మీద నడవవలసి వస్తుంది. అడుగు సమంగా ఉండి, కొలత కలిసి, పెద్దవాడికి కాలివేళ్ల మధ్య తామర లేకపోతే లోపలి అట్ట తీసి కొత్తది వేయించి, రెండు రోజులు గాలికి ఆరనిచ్చి తొడిగించవచ్చు. వానకు తడిస్తే పొయ్యి దగ్గరో మండుటెండలోనో పెట్టకుండా, లోపల పాత వార్తాపత్రికలు కుక్కి, తడిసిన కాగితం మార్చుతూ నీడలో ఆరబెట్టండి.