ఎస్‌ఐ జాయింట్ ఫ్యూజన్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి ఆ కీలుదేనా?

మీరు అడిగింది ఇది: రెండో కాన్పు తర్వాత మొదలైన ఎడమవైపు నొప్పి మూడేళ్లుగా వదలడం లేదు, వయసు 38, ఎమ్మారైలో ఎస్‌ఐ జాయింట్ (వెన్నెముక అడుగున ఉండే ఎముక తుంటి ఎముకతో కలిసేచోటి కీలు) అరిగిందని వచ్చింది, ఫిజియోథెరపీ చేయించుకున్నా ఫలితం లేదు, ఫ్యూజన్ చేస్తే, అంటే కడ్డీలు వేసి ఆ కీలును కదలకుండా అతికిస్తే, నొప్పి పూర్తిగా పోతుందని సర్జన్ అంటున్నారు, చేయించుకోవచ్చా అని. మీ ప్రశ్నలో ఒక్క ముక్క కోసం వెతికాను. దొరకలేదు. ఆ కీలులోకి మొద్దుబార్చే మందు ఎక్కించి, నొప్పి తగ్గుతుందో లేదో చూశారా? చూడకపోతే సర్జరీ గురించి ఆలోచించే దశకే మీరింకా రాలేదు. నా జవాబు ఇంతే. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే మిగతాది చదవండి.

నాకు ఈ నొప్పి కుడివైపు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. కౌంటర్ వెనక కుర్చీలోంచి లేవడం ఒక గండం, లేచాక మళ్లీ కూర్చోవడం ఇంకో గండం. రాత్రి అటు నుంచి ఇటు ఒత్తిగిలాలంటే ముందు ఊపిరి బిగబట్టుకోవాలి. పెళ్లిళ్లలో పీటల మీద కూర్చోమంటే ఏదో ఒక సాకు వెతుక్కోవాలి. "ఈ వయసుకేనా?" అని బుగ్గలు నొక్కుకునే పెద్దమ్మ ప్రతి పెళ్లిలోనూ ఒకరుంటారు. మోకాళ్ల మార్పిడి అయ్యాక ఆవిడ కూడా కుర్చీలోనే కూర్చుని ఈ మాట అంటుంది.

మొదట చూసిన సర్జన్ నన్ను ముట్టుకోనేలేదు. ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి, పెన్నుతో ఒకచోట చూపించి, "మూడు కడ్డీలు వేస్తే సరిపోతుంది" అన్నారు. నేనింకా సరిగ్గా కుర్చీలో సర్దుకోనైనా లేదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ ఫిల్ము మీదే కోపం. నొప్పి ఏమాత్రం లేని నడివయసువాళ్లకు స్కాన్ తీసినా చాలామందికి ఆ కీలులో అరుగుదల కనిపిస్తుంది. అరుగుదల ఉండటం వేరు, నొప్పి అక్కడి నుంచే రావడం వేరు. దీర్ఘకాలపు నడుంనొప్పుల్లో ఈ కీలు వల్ల వచ్చేవి 15 నుంచి 30 శాతం అంటారు. మిగతావన్నీ డిస్కు నుంచో, తుంటి కీలు నుంచో, ఇంకెక్కడి నుంచో వస్తున్నాయన్నమాట. అవి కూడా పిరుదులోనే గుచ్చుతాయి.

చేత్తో చేసే పరీక్షలు అయిదున్నాయి. వెల్లకిలా పడుకోబెట్టి, తొడను నిలువుగా లేపి, మోకాలి మీదుగా కిందికి నొక్కుతారు. పక్కకు తిప్పి తుంటి మీద బరువు వేస్తారు. బోర్లా పడుకోబెట్టి, వెన్నెముక చివర ఉండే త్రికాస్థి మీద అరచేత్తో నొక్కుతారు. ఒక మోకాలిని గుండెలకు ఆనించి, రెండో కాలిని బల్ల అంచు నుంచి కిందికి వేలాడదీస్తారు. తుంటి ఎముకల ముందు కొసలను రెండు వైపులకూ విడదీస్తున్నట్లు నెడతారు. కనీసం మూడింటికి మీకు రోజూ వచ్చే నొప్పే రావాలి, కొత్త నొప్పి వస్తే లెక్కలోకి రాదు. దీనికి పది నిమిషాలు పట్టదు, యంత్రం అక్కర్లేదు, బిల్లు వేయడానికి ఏమీ లేదు. బహుశా అందుకే ఎవరూ చేయరు.

ఇంకొకటి. ఉదయం లేవగానే నడుము అరగంటకు పైగా బిగుసుకుపోయి, తిరిగేకొద్దీ తేలికవుతుంటే, మీరు వెళ్లాల్సింది సర్జన్ దగ్గరికి కాదు, కీళ్లవాతం చూసే రుమటాలజిస్టు దగ్గరికి. మా అక్క కొడుకుకు అలాగే ఉండేది. పాతికేళ్ల వాడిని అందరూ కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్ల అన్నారు. తీరా చూస్తే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. హెచ్‌ఎల్‌ఏ-బి27 రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. అది వెన్నెముకకూ ఈ కీలుకూ వచ్చే వాపు జబ్బు, దానికి మందులున్నాయి, కడ్డీలు కాదు. మన దేశంలో క్షయ కూడా ఈ కీలుకు పట్టే అవకాశం ఉంది. జ్వరం, బరువు తగ్గడం లాంటివి ఉంటే ముందు ఆ సంగతి తేల్చాలి.

ఇక ఇంజెక్షన్. మా ఊళ్లో ఒకచోట ఓపీ బల్ల మీదే, ఎక్స్‌రే సాయం లేకుండా, వేలితో తడిమి పొడిచారు. చూడకుండా పొడిస్తే సూది కీలులోకి చేరని సందర్భాలే ఎక్కువ. అది లోతైన, వంకర టింకర సందు. ఆ ఇంజెక్షన్ తగ్గించినా తగ్గించకపోయినా దానితో ఏమీ తేలదు. పైగా రెండు వారాల తర్వాత రమ్మని, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు. రెండు వారాల తర్వాతి కథ, మొద్దుబార్చే మందుతో కలిపి వేసే స్టెరాయిడ్‌ది. నాకు కావలసిన సాక్ష్యం మొదటి కొన్ని గంటల్లోనే ఉంటుంది, మొద్దుబార్చే మందు పనిచేస్తున్నప్పుడు. ఆ గంటల్లో రోగిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కారెక్కించి, ఇంటికి పంపి పడుకోమంటే ఆ పరీక్ష వృథా.

హైదరాబాద్‌లో నేను కలిసిన నొప్పి వైద్యురాలు ఈ విషయంలో రాక్షసి. సీ-ఆర్మ్ (అప్పటికప్పుడు తెరమీద ఎక్స్‌రే చూపించే యంత్రం) కింద బోర్లా పడుకోబెట్టి, ముందు రంగు మందు ఎక్కించి, అది సన్నటి గీతలా కీలులో పరుచుకోవడం తెరమీద చూసి, అప్పుడు అసలు మందు వేశారు. మందు దిగుతున్నప్పుడు నా నొప్పి, అచ్చంగా నాదే, లోపల ఎవరో పేరు పెట్టి పిలిచినట్లు లేచి కూర్చుంది. కాసేపటికి లేపి నిలబెట్టి, కాలు మొద్దుబారలేదని చూసుకుని, "ఇప్పటి నుంచి సాయంత్రం దాకా విశ్రాంతి తీసుకోకూడదు. ఏది చేస్తే మీకు నొప్పి వస్తుందో అదంతా చేయండి. అరగంటకోసారి పదికి ఎంతో రాయండి" అన్నారు.

వార్డు బాయ్ చక్రాల కుర్చీ తెచ్చి నిలబడ్డాడు. నేను వద్దంటే రూల్ అంటాడు. డాక్టరుగారు మెట్లెక్కమన్నారంటే నమ్మడు. చివరికి నేను మెట్ల మీద, నా పక్కన మావారు బ్యాంకు డైరీ పట్టుకుని, మా వెనక ఖాళీ కుర్చీని మెట్ల కింద వదిలేసి నా మీద ఓ కన్నేసి ఉంచిన ఆ అబ్బాయి. ఇంజెక్షన్‌కు ముందు డైరీలో ఏడు ఉంది. రెండో అంతస్తు దాకా ఎక్కాక ఒకటి. దిగేటప్పుడు గమనించాను, కుడికాలు ముందు వేసి, ఎడమకాలు దాని పక్కకు తెచ్చుకుని, మళ్లీ కుడికాలు వేసే అలవాటు లేదు. మామూలు మనిషిలా దిగుతున్నాను. క్యాంటీన్‌లో అందరూ చూస్తుండగా గట్టి చెక్కబల్ల మీద కావాలని కూర్చుని లేచాను. ఒకటి.

తిరుగు ప్రయాణంలో టోల్‌గేట్లే మాకు గడియారం. పంతంగి దగ్గర నొప్పి ఒకటి. కొర్లపహాడ్ దగ్గర రెండు. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు కారు తలుపు పట్టుకోకుండా దిగాను. కోదాడ దాటాక ఏదో గుచ్చడం మొదలైంది. చిల్లకల్లు వచ్చేసరికి ఆరు. ఇంటికి చేరేటప్పటికి నా ఏడు నాకు తిరిగొచ్చింది. మా వీధి మొదట్లో ఎవరి ఇంటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు మూడు ఉన్నాయి. వాటికి కొలతా లేదు, రంగూ లేదు, అడిగే నాథుడూ లేడు. నడుము జబ్బులకు కారణాలు రాసేవాళ్లు వీటినెందుకు రాయరో నాకు అర్థం కాదు.

అలా తేలింది, నాది చాలావరకు ఆ కీలు నొప్పే అని. అంటే సర్జరీకి అర్హత వచ్చింది. అయినా చేయించుకోలేదు.

ఎందుకంటే ఆ తర్వాత కూర్చుని చదివాను. ఇది కొత్త సర్జరీ ఏమీ కాదు. 1921లోనే అమెరికాలో స్మిత్-పీటర్సన్ ఈ కీలును అతికించడం గురించి రాశారు. 1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డిస్కు జారడం వల్ల కాలిలోకి నొప్పి పాకుతుందని చూపించాక అందరి చూపూ డిస్కుల మీదికి మళ్లింది, ఈ కీలును దశాబ్దాల పాటు పక్కన పెట్టారు. 2008లో త్రిభుజాకారపు టైటానియం కడ్డీలకు అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చాక మళ్లీ గుర్తొచ్చింది. ఆ కడ్డీలు తయారుచేసే కంపెనీ ఖర్చుతో 148 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. ఆరు నెలలకు సర్జరీ అయినవాళ్లలో సుమారు 81 శాతం మందికి మేలు కలిగింది, మందులూ వ్యాయామాలతో ఉన్నవాళ్లలో 24 శాతం మందికే. సర్జన్లు చూపించే అంకెలు ఇవే. అయితే ఎవరికి సర్జరీ జరిగిందో, ఎవరికి జరగలేదో అందులో అందరికీ తెలుసు. కొత్త వైద్యం దక్కనివాళ్లు "నాకు బాగానే ఉంది" అని చెబుతారా?

దీనికి సమాధానం నార్వే, స్వీడన్ వాళ్లు వెతికారు. 63 మందిని తీసుకుని, సగం మందికి నిజంగా కడ్డీలు వేశారు, మిగతా సగానికి మత్తిచ్చి చర్మం మీద కోత పెట్టి కుట్టేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియనివ్వలేదు. 2024లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు రెండు జట్లకూ కొంత నొప్పి తగ్గింది, జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. సర్జన్లు దానికి వంద వంకలు పెడతారు. కానీ ఇంజెక్షన్ పరీక్ష దాటి వచ్చినవాళ్లలోనే ఇలా ఉంటే, ఆ పరీక్షే జరగని మీలాంటివాళ్ల సంగతేమిటి?

ఇక మీరు "ఫిజియోథెరపీ చేయించుకున్నా ఫలితం లేదు" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది, మీ మీద కాదు. మన దగ్గర ఫిజియోథెరపీ అంటే ఏమిటి? కర్టెన్ వెనక బోర్లా పడుకోవాలి, నడుముకు నాలుగు ప్యాడ్లు అంటిస్తారు, జిలజిలమంటుంది, పక్కన ఫోను చూసుకుంటూ ఒకరు కూర్చుంటారు. గంట మోగుతుంది, డబ్బు కట్టి వస్తాం. పది రోజుల కోర్సు. అది కరెంటు ఖర్చు, ఫిజియోథెరపీ కాదు. కాన్పు తర్వాత కటి (నడుము కింది ఎముకల వలయం) నొప్పితో ఉన్న 81 మంది తల్లులకు నార్వేలో 20 వారాల పాటు, పొట్ట లోపలి కండరాలనూ పిరుదు కండరాలనూ బిగించే ప్రత్యేక వ్యాయామాలు నేర్పి చూశారు. 2004లో వచ్చింది ఆ ఫలితం. మామూలు ఫిజియోథెరపీ కంటే స్పష్టంగా మేలు కనిపించింది. ఇరవై వారాలు! మీదీ కాన్పు తర్వాత మొదలైన నొప్పే. గర్భంతో ఉన్నప్పుడు వదులైన కటిని కండరాలే పట్టి ఉంచాలి. ఆ కీలు కదిలేదే నాలుగు డిగ్రీల లోపు, దాన్ని బిగించడానికి కడ్డీల దాకా వెళ్లే ముందు కండరాలను అడిగి చూడటంలో తప్పేముంది? సర్జరీ సలహా విన్నవాళ్లలో సగానికి పైగా మందికి నిజమైన ఫిజియోథెరపీ అందలేదని నేను పందెం కాస్తాను.

నాకు నేర్పింది ఒక చిన్న అమ్మాయి, యంత్రం ముట్టుకోని రకం. వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుము లేపడం అనేది వినడానికి సులువు, మొదటివారం ఏడిపిస్తుంది. నడిచేటప్పుడు బెల్టు, ఆఫీసులో కుర్చీ ఎత్తు మార్పు, ఒంటికాలి మీద బరువు వేసి నిలబడే అలవాటు మానడం. ఇప్పుడు నా నొప్పి పోయిందని అనను. మంచి రోజు రెండు, చెడ్డ రోజు నాలుగు. పీటల మీద ఇప్పటికీ కూర్చోను, కూర్చోవాలనీ లేదు.

డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు మాత్రం చేయించుకుంది, సుఖంగా ఉంది. కారు ప్రమాదం తర్వాత మొదలైన నొప్పి తనది. అక్కడి బీమా కంపెనీలు నెలల తరబడి వ్యాయామాలు చేశారా, చేతి పరీక్షల్లో మూడు పాజిటివా, ఇంజెక్షన్‌తో ఎంత శాతం తగ్గింది అని కాగితాలు అడిగి విసిగిస్తాయి. తను బోలెడు తిట్టుకుంది. నాకైతే ఆ విసిగింపు వల్లే తన నొప్పి అసలైన కీలుదని తేలిందనిపిస్తుంది. మన దగ్గర బీమావాళ్లు గది అద్దె గురించి కొట్లాడతారు తప్ప ఇవి అడగరు.

అన్నీ తేలాక కూడా మీరు సర్జరీ వైపే మొగ్గితే, సర్జన్‌ను ఏ ఇంప్లాంట్ వేస్తారో అడగండి, ఆ త్రిభుజాకారపు కడ్డీలా, మామూలు స్క్రూలా. పైన చెప్పిన అంకెలు ఆ కడ్డీలవే, స్క్రూలకు వర్తించవు. కడ్డీ కొంచెం పక్కకు పోతే నరానికి తగిలి కాలిలోకి కొత్త నొప్పి వస్తుంది, అలా అయితే మళ్లీ తెరవాలి, ఆ సంగతి ఆయన నోటితో చెప్పించండి. ఎముక అతుక్కోవాలి కాబట్టి విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. కొన్ని వారాల పాటు వాకరో, చంక కర్రలో తప్పవు, ఆ కాలి మీద పూర్తి బరువు వేయనివ్వరు. మీ ఇంట్లో మూడేళ్ల బిడ్డ ఉంది కాబట్టి ఎత్తుకునేవాళ్లను ముందే చూసుకోండి.

ఇంజెక్షన్ రోజున మాత్రం అంకెలు మీరు రాయకండి, పక్కవాళ్ల చేత రాయించండి. నొప్పి కాస్త తగ్గగానే మనం సంబరపడి సున్నా వేసేస్తాం. మావారు నేను ఒకటి అంటే నా నడక చూసి రెండు వేసిన సందర్భాలున్నాయి, కొర్లపహాడ్ దగ్గర వేసిన రెండు అలాంటిదే.